చెట్టు చాటు కెమేరా

నిరుడు అక్టోబరులో ఒక సాయంత్రం మా పక్క వీధి ఆయన, చాలా మంచివాడు, తన సెల్‌ఫోను తెచ్చి నవ్వుతూ నా ముందు పెట్టాడు. "ఇది మీరే కదూ?" అన్నాడు. చూద్దును గదా, నేనే! తలకు మంకీ టోపీ, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఎవరింటి ముందో ఆగి, వాళ్ళ మేపుల్ చెట్టు వంక నోరు కాస్త తెరుచుకుని చూస్తున్నాను. తలుపు గంటకు బిగించిన కెమేరా తీసిన బొమ్మ అది. ఆ ఇంటివారు దాన్ని చుట్టుపక్కల వాళ్ళందరి ఫోన్లకూ పంపారట. కింద ఒక హెచ్చరిక కూడా ఉంది. ఎవరో తెలియని మనిషి ఇళ్ళ ముందు ఆగి ఆగి చూస్తున్నాడు, జాగ్రత్తగా ఉండండి అని దాని సారాంశం.

ఆ చెట్టు ఆకులు ఎర్రబడటం చూడటానికి నేను ఏటా ఆ వీధికి వెళతాను. ఈ ఊళ్ళో నాకు నలభై ఏళ్ళు దాటాయి. "తెలియని మనిషి" అన్నమాట!

కోపం వచ్చింది. ఒక పావుగంట బాగానే ఉన్నది. ఆ తరవాత అది తగ్గి, దాని చోట వేరొకటి వచ్చి కూర్చున్నది. ఎందుకంటే, మన సంఘంలో పాతవారికి తెలుసు, నలభై ఏళ్ళుగా నేను చేస్తూ వచ్చింది కూడా అదే. తెలియని మనుషుల బొమ్మలు, వాళ్ళకు తెలియకుండా తీయడం. తీసి, వాటి కింద ఏదో ఒకటి రాయడం. తేడా ఏమిటంటే నేను దాన్ని కళ అన్నాను, ఆ ఇంటివారు జాగ్రత్త అన్నారు. నా బొమ్మను నేను చూసుకున్న ఆ క్షణంలో, నా కెమేరాలో పడిన కొన్ని వందల ముఖాలు వరసగా నిలబడి "ఇప్పుడు తెలిసిందా నాయనా?" అని అడిగినట్టయింది. ఈ వ్యాసం వాళ్ళకు చెప్పుకునే సంజాయిషీ అనుకోండి. సంజాయిషీ సరిగా కుదురుతుందో లేదో మీరే చూడాలి.

ముందు మన భాషలో ఒక చిత్రం గమనించండి. ముల్లు తీస్తాం, దిష్టి తీస్తాం, కూనిరాగం తీస్తాం. పరువు తీస్తాం, ప్రాణం తీస్తాం. ఫొటో కూడా తీస్తాం. ఒకే క్రియ. ముల్లు తీసినవాడికి దణ్ణం పెడతారు, పరువు తీసినవాడిని దుడ్డుకర్ర పుచ్చుకుని తరుముతారు. ఫొటో తీసినవాడు ఈ రెంటిలో ఏ కోవకు వస్తాడన్నదే నా ప్రశ్న.

నేను 1978లో ఒక పెంటాక్స్ కెమేరా కొన్నాను, కె-1000 అని, బరువుగా, ఇనప ముద్దలా ఉండేది. మొదట్లో అందరిలాగే నయాగరా జలపాతాన్నీ, మంచులో కారునూ, కారు ముందు భార్యనూ తీసి ఇంటికి పంపాను. అవి చూసి మా నాన్నగారు "అందరూ బాగున్నారు, కాని ఒక్కరూ మనుషుల్లా లేరేమిట్రా?" అని ఉత్తరం రాశారు. నిజమే. కెమేరా చూడగానే మనవాళ్ళు బిగుసుకుపోతారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో వెతుక్కుంటారు. అప్పటినుంచి నేను, అడగకుండా తీస్తేనే మనిషి దొరుకుతాడు అన్న పక్షంలో చేరిపోయాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ విద్య నేర్చుకోవడం కష్టం. 1973లో నగరమైన ఊరు ఇది. రోడ్లున్నాయి, రోడ్ల మీద కార్లున్నాయి, మనుషులు మటుకు ఇంటి గరాజులోంచి ఆఫీసు గరాజులోకి పోతారు. ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద గంటసేపు నిలబడితే నడిచేవాడు ఒకడు కనిపిస్తాడు, వాడికీ కారు చెడిపోయి ఉంటుంది. అందుకని శనివారం పొద్దున్నే డెట్రాయిట్ ఈస్టర్న్ మార్కెట్టుకు పోయేవాణ్ణి. కూరగాయలు, పూలు, బేరాలు, అరుపులు. మన రైతుబజారే, కొంచెం చలి ఎక్కువ. అక్కడ నేర్చుకున్నాను కిటుకులన్నీ. మెరిసే భాగాల మీద నల్ల టేపు అంటించడం. దూరం ముందే పది అడుగులకు సరిచేసి పెట్టుకుని, కంటికి ఆనించకుండా పొట్ట దగ్గరనుంచే మీట నొక్కడం. మనిషిని కాక అతని వెనక గోడను చూస్తున్నట్టు నటించడం. అన్నిటికంటె గొప్ప కిటుకు తొందర లేనట్టు ఉండటం. దొంగకూ ఛాయాగ్రాహకుడికీ అదొక్కటే పాఠం.

ఈ పని నేను కనిపెట్టింది కాదు, డెట్రాయిట్‌కు కొత్తదీ కాదు. వాకర్ ఎవాన్స్ అనే ఆయన 1946లో డెట్రాయిట్ నడిబొడ్డున ఒక వీధి మూల నిలబడి, దారిన పోయేవారిని ఒకరి తరవాత ఒకరిని తీశాడు. కెమేరా నడుము ఎత్తున. కొందరు గమనించారు, కొందరు గమనించలేదు. ఆ బొమ్మలు ఆ నవంబరులో ఫార్చ్యూన్ పత్రికలో వచ్చాయి. "పేరులేని శ్రామికులు" అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. ఆ పేజీ నేను మొదటిసారి చూసినప్పుడు పొంగిపోయాను. ఎంత నిబ్బరమైన ముఖాలు! ఆ టోపీల ఒంపు, ఆ దవడల బిగువు! చాలా ఏళ్ళు పోయాక అదే పేజీ చూస్తూ ఉంటే ఒక పిల్లప్రశ్న వచ్చింది. వీళ్ళంతా శ్రామికులని ఎవరు చెప్పారు? అందులో ఒకాయన గుమాస్తా కావచ్చు, ఒకాయన బడిపంతులు కావచ్చు. పేరులేని వాళ్ళని ఎందుకన్నారు? వాళ్ళకు పేర్లు లేకనా? అడగలేదు కనుక.

అదే ఎవాన్స్ అంతకు ముందు, 1938 నుంచి 1941 దాకా, న్యూయార్క్ భూగర్భ రైళ్ళలో ఇంకా గుట్టుగా పని చేశాడు. కోటు కింద కెమేరా, రెండు బొత్తాల మధ్యనుంచి దాని కన్ను, మీట తీగ చొక్కా చేతిలోంచి అరచేతిలోకి. ఎదురు బల్ల మీద కూర్చున్నవారిని అట్లా తీశాడు. రైల్లో మన ముఖం మనది కాదు, గమనించారా? దాన్ని కాసేపు అలా వదిలేసి కూర్చుంటాం. ఆ వదిలేసిన ముఖాలు అవి. చిత్రమేమంటే, ఆయన వాటిని వెంటనే పుస్తకంగా వేయలేదు. 1966లో గాని పుస్తకం రాలేదు. పాతికేళ్ళు. కారణాలు ఎన్నయినా ఉండవచ్చు. నా మటుకు నాకు ఆ పాతికేళ్ళూ ఒక మర్యాదలాగానే తోస్తాయి. తీయడం ఒక పని, చూపడం ఇంకొక పని అని ఆ జాప్యం చెబుతోంది.

ఇక పాల్ స్ట్రాండ్. 1916లో న్యూయార్క్ వీధుల్లో, ఒకవైపు చూస్తున్నట్టు కనిపించి మరొకవైపు తీసే ఏర్పాటు తన కెమేరాకు చేసుకున్నాడు. ఆ రోజుల్లో తీసిన వాటిలో జగత్ప్రసిద్ధమైనది ఒక గుడ్డి ముసలావిడ బొమ్మ. మెడలో "అంధురాలు" అని పలక. చూడలేని మనిషిని చాటుగా తీయడం! నేను ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. అది గొప్ప బొమ్మే, సందేహం లేదు. కాని చాటు అనేది ఆవిడకు అక్కరలేదు గదా. మరి ఎవరికి? చుట్టూ ఉన్నవాళ్ళకు. లేదా తీసేవాడికే. చాటు అనేది తరచు మనం మన సిగ్గుకు వేసుకునే పందిరి.

ఇక్కడికి వచ్చేసరికి, మనబోటి వాళ్ళకు వాలి గుర్తుకు రాకుండా ఉండడు. కిష్కింధలో నేలకూలి, బాణం గుండెలో ఉండగానే వాలి రాముణ్ణి నిలదీశాడు. ఎదురుగా నిలబడి ఎందుకు కొట్టలేదయ్యా, చాటునుంచి ఎందుకు కొట్టావు అని. రాముడు చెప్పిన జవాబుల్లో తమ్ముడి భార్యను అపహరించావన్న అభియోగం ఒకటి. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఇంకొక జవాబు ఉంది, దాన్ని మన పౌరాణికులు గబగబా దాటేస్తారు. నువ్వు శాఖామృగానివి, మృగాన్ని వేటాడేవాడు చాటునుంచి కొట్టినా తప్పు లేదు అన్న జవాబు. చిన్నప్పుడు మా ఊరి గుళ్ళో హరికథలో ఇది విన్నప్పుడు నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కాని అందులో ఒక నిజాయితీ ఉన్నది. చాటునుంచి కొట్టడం ఒప్పు కావాలంటే అవతలివాడు మృగం కావాలి. మనిషి అని ఒప్పుకుంటే ఎదురుపడాలి. మధ్యేమార్గం ఆ వాదంలో లేదు.

నా కెమేరా సంచీ భుజాన వేసుకుని మార్కెట్టుకు బయలుదేరేటప్పుడు "ఇవాళ ఏం దొరుకుతుందో" అనుకునేవాణ్ణి. అది వేటగాడి మాట. అప్పుడు తెలియలేదు.

"కాని అడిగితే మనిషి పోతాడు గదయ్యా, బొమ్మే మిగులుతుంది" అని మీలో కెమేరా పట్టినవారు అంటారు. ఒప్పుకుంటాను. మన ఊళ్ళలో అడిగి చూడండి. "ఉండు బాబూ, పౌడరు రాసుకుని వస్తా" అంటారు. లోపలికి పోయి పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మనకు కావలసింది అంతకుముందు వీధి అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మనిషి. ఆవిడకు కావలసింది పట్టుచీరలో ఉన్న మనిషి. ఎవరి మాట నెగ్గాలి? ఆవిడ ముఖం గురించి ఆవిడ మాట నెగ్గాలని ఇవాళ అనుకుంటాను. ఆ రోజుల్లో పట్టుచీరను అబద్ధమనీ, రాళ్ళు ఏరడాన్ని సత్యమనీ అనుకునేవాణ్ణి. పేదరికమే సత్యం, అలంకారం అబద్ధం అన్న ఈ లెక్క ఎక్కడనుంచి వచ్చిందో గాని, ఇక్కడ మేడల్లో స్థిరపడ్డాక మాలో చాలామందికి అది గట్టిపడింది.

హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ ఉండేవారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. 1892లో ఆయన పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని చేతిలో పెట్టారు. ఏ పరాయి మగవాడి కన్నూ పడకుండా ఆడవాళ్ళు వచ్చి, తాము కోరుకున్నట్టు కూర్చుని, ఫొటో తీయించుకుని పోయేవారు. సంపన్నుల ముచ్చట అనుకోండి. అయినా, ఎవరి చూపు ఎవరిమీద పడవచ్చు అన్న దానికి ఇంత ఏర్పాటు చేశారే అని ఆశ్చర్యం వేస్తుంది. దానికి సరిగ్గా తొంభై తొమ్మిదేళ్ళ తరవాత, 1991 గోదావరి పుష్కరాల్లో, రాజమండ్రి రేవు మెట్ల మీద నేను పెద్ద లెన్సు పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఈ సంగతి చెప్పడానికే. ఆలస్యం చేశాను, చేదు మందు కనుక.

పుష్కరాల్లో స్నానాలు, పిండప్రదానాలు, తడిబట్టలు. ఇద్దరు ఆడవాళ్ళు చీరను తెరలా పట్టుకుని నిలబడితే మూడో ఆవిడ దాని వెనక బట్టలు మార్చుకునేది. అటు నేను కెమేరా తిప్పలేదు. ఆ నిగ్రహానికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. తప్పంటే అదేననీ, అది చేయలేదు కనుక నేను శుద్ధుణ్ణనీ అనుకున్నాను. కొంచెం ఎగువ మెట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నది. తడిచీర, భుజాల మీద పరుచుకున్న తెల్లటి జుట్టు, చాచిన కుడిచెయ్యి. అరచేతి మీద పొద్దుటి వెలుగు పడి, ఆ గీతలన్నీ కూడా కనిపిస్తున్నాయి. యాభై అడుగుల దూరంనుంచి రెండు బొమ్మలు తీశాను. ఆవిడ చూడలేదు.

ఇక్కడికి వచ్చాక మా బేస్‌మెంటులోని చీకటిగదిలో పెద్దది చేశాను. ఎడమ అంచున ఏదో అడ్డంగా ఉంటే కోసేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. 1993 ఉగాదికి మన సంఘం వారు సభ్యుల ఫొటోలు పెట్టినప్పుడు దాన్ని మధ్యలో పెట్టారు. కింద నేనే "యాచన" అని రాశాను. మెచ్చుకోని వారు లేరు. ఒక డాక్టరుగారయితే ఆ చేతిలో మన దేశమంతా కనిపిస్తోందన్నారు.

అప్పుడే కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి, పెళ్ళయి ఏడాది కాలేదు, దాని ముందు చాలాసేపు నిలబడింది. నేను పొగడ్త కోసం పక్కకు చేరాను. ఆ అమ్మాయి నా వంక తిరిగి, మెల్లగా, "బాబాయిగారూ, ఈవిడ మా అమ్మమ్మ" అన్నది. తరవాత, "మా అమ్మమ్మ ఒకరి దగ్గర చెయ్యి చాచి ఎరగదండీ" అన్నది. అంతే. గొడవ చేయలేదు. భోజనాలకు పిలుస్తుంటే వెళ్ళిపోయింది. కొవ్వూరు దగ్గర పల్లెలో ఎనిమిదెకరాల మాగాణి ఉన్న కుటుంబమని తరవాత తెలిసింది.

ఆ రాత్రి నెగెటివు తీసి దీపం ముందు పెట్టి చూశాను. కోసేసిన ఎడమ అంచున ఒక కుర్రాడి మోచెయ్యి, చిన్న బుట్ట, బుట్టలో ఆకుదొప్పలూ వత్తులూ. నదిలో దీపాలు వదిలే దొప్పలు అమ్మే కుర్రాడు. ఆవిడ డబ్బిచ్చి, చిల్లర కోసం చెయ్యి చాపింది. చిల్లర!

నాకు తెలియక కోశానా? చాలా ఏళ్ళు అట్లాగే చెప్పుకున్నాను, బొమ్మ కుదురుగా ఉండటం కోసం కోశానని. ఇప్పుడు ఈ వయసులో అబద్ధమెందుకు? ఆ బుట్ట నాకు కనిపించింది. అది ఉంటే బొమ్మకు బరువు తగ్గుతుందని కోశాను. ఆ మనిషి ఎవరో నాకు తెలియకపోవడం ఆ కత్తెరకు వీలిచ్చింది. ఆవిడ పేరు తెలిసి ఉంటే, ఒక్క నిమిషం మాట్లాడి ఉంటే, ఆ కత్తెర ఆడేది కాదు. చాటుగా తీయడంలో ఉన్న అసలు ప్రమాదం అక్కడ ఉందని నాకు అనిపిస్తుంది. ఆవిడ కన్ను నామీద పడలేదు, అది చిన్న సంగతి. ఆవిడ జవాబు నాకు అందలేదు, అది పెద్దది. జవాబు చెప్పలేని మనిషి గురించి ఏ మాటయినా అనవచ్చు. మా పక్క వీధివారు నా గురించి అన్నట్టు.

చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎక్కువ అక్కర లేదు. 1888లో ఈస్ట్‌మన్ కంపెనీ చేతిలో పట్టే కొడక్ కెమేరా తెచ్చింది. ఆ తరవాత 1890లో, బోస్టన్ న్యాయవాదులు వారెన్, బ్రాండైస్ కలిసి మనిషికి తన మానాన తాను ఉండే హక్కు ఉన్నదని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. క్షణంలో తీసే ఫొటోలూ, పత్రికల చొరవా వాళ్ళను కలవరపెట్టాయి. అయినా ఈ దేశంలో వీధిలో ఉన్న మనిషిని తీయడానికి మొత్తం మీద అనుమతి అక్కర లేదు, వ్యాపార ప్రకటనలకు వాడుకోకుండా ఉంటే చాలు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఫిలిప్ లోర్కా డికోర్సియా అనే ఆయన 1999 నుంచి 2001 దాకా దూరంనుంచి దీపాలు అమర్చి, దారినపోయేవారి తలలు తీశాడు. అందులో ఒక వృద్ధుడు, మతనిష్ఠ గల యూదుడు, తన బొమ్మ వేల డాలర్లకు అమ్ముడవుతోందని తెలిసి కోర్టుకు వెళ్ళాడు. బొమ్మ తీయడమే తన మతానికి విరుద్ధమన్నాడు. 2006లో కోర్టు, ఇది కళ, దీనికి రక్షణ ఉన్నది అని కేసు కొట్టేసింది. తీర్పు సరైనదే కావచ్చు. కాని ఆ పెద్దమనిషి బాధకు తీర్పులో చోటు లేదు. మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. మంచిదే. ఆ హక్కు పుష్కరాల మెట్ల మీద కూర్చున్న అవ్వ దాకా వచ్చేసరికి ఎంత మిగులుతుందో చెప్పడం కష్టం. అయినా కోర్టు నన్ను వదిలేస్తుందా లేదా అన్నది నాకు ఎన్నడూ ప్రశ్న కాలేదు. ఆ అమ్మాయి వదిలేసింది, అదే నన్ను వదలలేదు.

ఇప్పుడు మా ఊరి సంగతి ఒకటి. 2020 జనవరిలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే ఒక నల్లజాతి ఆయనను, ఆయన ఇంటి ముందే, భార్యా ఇద్దరు చిన్న కూతుళ్ళూ చూస్తుండగా, డెట్రాయిట్ పోలీసులు సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. 2018లో డెట్రాయిట్‌లో ఒక దుకాణంలో గడియారాలు పోయాయి. దుకాణం కెమేరాలో దొంగ బొమ్మ మసకగా పడింది. ఆ మసకబొమ్మను యంత్రానికి ఇస్తే, అది లైసెన్సు ఫొటోల రాశిలోంచి ఈయన పాత ఫొటో ఒకటి బయటికి లాగింది. ఆ పోలిక పట్టుకుని దాదాపు 30 గంటలు నిర్బంధించారు. పోలిక తప్పు. ఆయన దావా వేశాడు, 2024 జూన్‌లో రాజీ కుదిరింది. ఇకపైన యంత్రం చెప్పిన ముఖపోలిక ఒక్కటే ఆధారంగా డెట్రాయిట్ పోలీసులు ఎవరినీ అరెస్టు చేయకూడదని అందులో రాసుకున్నారు. ఆ ఇద్దరు పిల్లల కళ్ళలో పడిన దృశ్యానికి ఏ రాజీ రాసుకోవాలో తెలియదు.

హైదరాబాదులోనూ ఇటువంటిదే. 2021లో పోలీసులు వీధిలో ఒక సామాజిక కార్యకర్తను ఆపి, కరోనా మాస్కు తీయమని, అతను ఒప్పుకోకపోయినా ఫొటో తీశారు. ఎందుకు తీశారు, ఎక్కడ దాస్తారు, ఏ యంత్రానికి చూపుతారు అని అతను హైకోర్టుకు వెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

వీటిని నా కెమేరాతో పోల్చడం న్యాయమా అని మా ఆవిడ అడిగింది. చాటుగా తీసే మనిషికి కనీసం గుండె దడదడ కొట్టుకుంటుంది, పట్టుబడితే ముఖం మాడిపోతుంది. గోడకు బిగించిన కెమేరాకు ఆ దడ లేదు. సిగ్గుపడటానికి దాని వెనక ఎవరూ లేరు. ఆ తేడా ఉన్నది, కాదనను. కాని ఫార్మింగ్టన్ హిల్స్ ఆయన విషయంలో యంత్రం చేసిందీ, పుష్కరాల్లో నేను చేసిందీ ఒక చోట కలుస్తాయి. ఒక ముఖాన్ని దాని మనిషినుంచి కోసి, ఇంకొక కథకు అతికించడం. ఆయనకు దొంగతనం అతికించారు, ఆవిడకు నేను బిచ్చం అతికించాను.

అయితే చాటు ఎప్పుడూ తప్పేనా? కాదు. బలవంతుడి అన్యాయాన్ని బలహీనుడు చాటుగా తీస్తే దాన్ని నేను తప్పనను. లంచం పుచ్చుకునే చేతిని అనుమతి అడిగి తీయలేం. కాని 2020 మే నెలలో మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద ఒక మనిషి ప్రాణం పోతుంటే తీసిన పదిహేడేళ్ళ అమ్మాయి చాటున లేదు. పేవ్‌మెంటు మీద, పోలీసులకు ఎదురుగా నిలబడి తీసింది. సాక్షి అంటే అదీ. ఉపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షుల మాట వస్తుంది, ఒకటి పండు తింటుంది, ఒకటి ఊరికే చూస్తుంది. చూసే పక్షిని సాక్షి అన్నారు మన పెద్దలు. ఛాయాగ్రాహకులు తమను ఆ రెండో పక్షిగా చెప్పుకోవడానికి ఇష్టపడతారు. నేనూ చెప్పుకున్నాను. కాని ఆ పక్షి ఏదీ నోట కరుచుకుని పోదు. మనం పోతాం.

కెమేరా మానేశానా అంటే, లేదు. మానేస్తే ఇంత గొడవ లేకపోను. ఇప్పటికీ ముందుగా అడగను, అడిగితే పౌడరు రాసుకుని వస్తారు కనుక. తీశాక మటుకు దాగను. దగ్గరకు వెళ్ళి, ఇదిగో మిమ్మల్ని తీశాను, చూడండి అంటాను. ఇప్పటి కెమేరాల వెనక అద్దంలో చూపించవచ్చు, ఆ ఒక్క సుఖం ఉన్నది. చాలామంది నవ్వుతారు, కొందరు పంపమని చిరునామా ఇస్తారు. ఆరేళ్ళ కిందట ఈస్టర్న్ మార్కెట్టులో ఒక ముసలి రైతు, గుమ్మడికాయల గుట్ట వెనక, టోపీ తీసి పైకి చూస్తున్నాడు. అప్పుడే వాన మొదలయింది. నా జన్మలో అటువంటి బొమ్మ పడలేదు. చూపించాను. ఆయన చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపి, వద్దు, తీసెయ్ అన్నాడు. కారణం చెప్పలేదు. ఆయన చూస్తుండగానే తుడిచేశాను. కారులో కూర్చుని చాలాసేపు ఇంజను వేయలేకపోయాను. ధర్మం చేసినప్పుడు మనసు తేలికపడుతుందంటారు, నాకు అట్లా ఏమీ కాలేదు. ఆ బొమ్మ ఇప్పటికీ కావాలి నాకు.

నిద్రపోతున్నవారిని, ఏడుస్తున్నవారిని, మతి చెదిరి వీధిలో తిరిగేవారిని తీయను. తీశాక చూపించడానికి అవతల మనిషి అందుబాటులో ఉండడు కనుక. ఏడ్చేవారి విషయంలో మటుకు నాకు పూర్తి నమ్మకం లేదు. యుద్ధాల్లో, కరువుల్లో ఏడ్చేవాళ్ళను ఎవరూ తీయకపోయి ఉంటే మనకు వాళ్ళ సంగతే తెలిసేది కాదు. దీని మీద మన సభ్యులెవరైనా రాస్తే చదవాలని ఉన్నది.

ఆ అమ్మాయి విషయం మిగిలిపోయింది. ఉగాది అయిన పది రోజులకు ఫోను చేసింది. తిడుతుందేమోనని భయపడ్డాను. "బాబాయిగారూ, ఆ ఫొటో కాపీ ఒకటి ఇస్తారా? మా అమ్మ దగ్గర అమ్మమ్మ ఫొటో సరైనది ఒక్కటీ లేదు. ఉన్నదాంట్లో భయపడుతున్నట్టు ఉంటుంది" అన్నది. కాస్త ఆగి, "కింద పేరు లేకుండా ఇవ్వండి" అన్నది. ఈ మాట నన్ను ఇప్పటికీ రెండు వైపులకూ లాగుతుంది. అడిగి తీసిన ఫొటోలో ఆవిడ భయపడింది. అడగకుండా తీసిన దాంట్లో ఆవిడ ఆవిడలా ఉన్నది. అమ్మాయి ఇంటివాళ్ళు దాచుకోదలచింది నేను దొంగిలించినదాన్నే.

ఈసారి నెగెటివు మొత్తం వేశాను, అంచు కోయకుండా, కుర్రాడి మోచేతితో, బుట్టతో సహా. చూడటానికి బొమ్మ అంత బాగా రాలేదు, ఎడమవైపు బరువెక్కింది. ఆ వేసవిలో అమ్మాయి దాన్ని ఊరికి తీసుకుపోయింది. తిరిగి వచ్చాక ఒక సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పింది. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫొటోను వెలుతురుకు పట్టుకుని, తన ముఖం వంక ఒక్కసారి చూసి, తరవాత ఆ మోచేతి మీద వేలు పెట్టి, "వీడే. నాకింకా అర్ధరూపాయి ఇవ్వాలి" అన్నదట.